రంగు వెలిసిన స్కూటరు

కొత్త చీరను రోజూ ఎండలో ఆరేస్తే ఏమవుతుంది? వెలుస్తుంది. ఎండ తగిలిన వైపు ఎక్కువ వెలుస్తుంది. మడత లోపల రంగు అలాగే ఉంటుంది.

బండి రంగు కూడా అంతే.

ఎండలో కంటికి కనిపించని కిరణాలు కొన్ని ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. పేరు పెద్దదే. అవి చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. బండికి వేసే రంగులో రెండు ముఖ్యమైనవి ఉంటాయి. ఒకటి రంగుపొడి. రెండోది ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. ఎండ ఆ జిగురును మెల్లమెల్లగా చెడగొడుతుంది. అప్పుడు పైపొర పొడిబారుతుంది. వేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటుంది. ఎర్ర రంగు మరీ తొందరగా వెలుస్తుంది. మందారంలా ఉన్న బండి కొన్నేళ్లకు పాలిపోయిన గులాబీలా అవుతుంది.

అలాంటి బండిని చూడగానే "పాత డొక్కు" అనేస్తాం. కానీ వెలిసిన రంగు కింద రేకు గట్టిగా ఉండవచ్చు. తళతళ మెరిసే రంగు కింద రేకు చిల్లులు పడి ఉండవచ్చు. పాత బండి కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. కోడలు జాకెట్లు కుడుతుంది. కుట్టిన జాకెట్లు టవునులో షాపులకు ఇచ్చి రావాలి. లైనింగు గుడ్డ, దారాలు తెచ్చుకోవాలి. బస్సు తప్పితే ఆటో ఎక్కాలి. కుట్టుకూలిలో సగం ఆటోకే పోతుంది. అందుకని పొదుపు సంఘంలో ముప్పై వేలు అప్పు తీసుకుంది. పాత స్కూటరు కొనుక్కుందామని.

ఆ డబ్బు నెలనెలా తిరిగి కట్టాలి. బండి మూలన పడినా వాయిదా ఆగదు. అందుకే కోడలికి లోపల భయంగానే ఉంది.

మొదట ఇద్దరూ టవునులో పాత బండ్లు అమ్మే చోటికి వెళ్లారు. అక్కడ ఒక నీలం రంగు స్కూటరు ఉంది. ధర ఇరవై ఎనిమిది వేలు చెప్పారు. అత్తకు అది చూడగానే నచ్చింది.

"చూడవే అమ్మాయ్, అద్దంలా మెరుస్తోంది. ఇదే తీసుకుందాం."

"ఉండండి అత్తయ్యా" అంది కోడలు. చేతిసంచిలోంచి అయస్కాంతం తీసింది. గుండుసూదులు కింద పడితే ఏరుకునే అయస్కాంతం అది. దాన్ని పలచటి గుడ్డలో చుట్టింది. గుడ్డ ఉంటే బండి మీద గీతలు పడవు. బండి పక్క రేకు మీద అక్కడక్కడా ఆనించి చూసింది. ఒకచోట టక్కున అంటుకుంది. ఇంకోచోట అసలు పట్టుకోలేదు. జారి కింద పడింది.

అయస్కాంతం ఇనుప రేకును పట్టుకుంటుంది. రేకు మీద లప్పం మందంగా ఉంటే పట్టుకోదు. సొట్టలు, తుప్పు తిన్న చోట్లు కప్పడానికి లప్పం పెడతారు. పలచగా పెడితే తప్పు లేదు. కానీ అయస్కాంతం జారిందంటే అక్కడ లప్పం దట్టంగా ఉందన్నమాట. దాని కింద రేకు ఎంత మిగిలిందో పైకి తెలియదు. (ఈ పరీక్ష రేకు బాడీ ఉన్న స్కూటర్లకే పనికొస్తుంది. కొన్ని స్కూటర్లకు చుట్టూ ప్లాస్టిక్కే ఉంటుంది. అవి ఏ అయస్కాంతానికీ అంటుకోవు.)

తర్వాత కోడలు సీటు ఎత్తించింది. డిక్కీ మూలల్లో ఎండిన ఒండ్రు ఉంది. లోపలి స్క్రూలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ముందు లైటు అద్దం లోపల నీటి చార ఒకటి కనిపించింది. ఇంజనాయిలు చూసే పుల్ల బయటికి తీయించింది. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఆయిల్లో నీళ్లు కలిస్తే ఆ రంగు వస్తుంది.

"ఈ బండి ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

"బెజవాడ నుంచి."

కోడలికి సంగతి అర్థమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. ఇళ్ల ముందున్న బండ్లూ మునిగాయి. మునిగిన బండి పనికిరాదని కాదు. శుభ్రంగా విప్పి బాగు చేయిస్తే కొన్ని బాగానే నడుస్తాయి. కానీ ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పాలి. ధర తగ్గించాలి. పైన కొత్త రంగు కొట్టి నోరు మూసుకోవడం మోసం.

"పదండి అత్తయ్యా" అంది కోడలు.

రెండో బండి ఒక రిటైరైన మాస్టారిది. ఎర్ర స్కూటరు. చెట్టు నీడ కూడా లేని చోట ఏళ్ల తరబడి నిలిపారు. పైభాగం పాలిపోయి గులాబీ రంగులోకి వచ్చేసింది. సీటు కింద దాగిన చోట మాత్రం ఎరుపు ఎరుపుగానే ఉంది. ధర పంతొమ్మిది వేలు.

అత్త మొహం చిట్లించింది. "దీన్ని ఎక్కితే ఊళ్లో నవ్వుతారే."

కోడలు పొద్దున్నే వెళ్లింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి. ముందే వేడి చేసి పెట్టిన బండి జబ్బు దాచుకుంటుంది. బండి వెంటనే స్టార్టు అయింది. పొగ చూసింది. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. ఈ బండికి ఆ రెండూ లేవు. రేకు మీద ఎక్కడ పెట్టినా అయస్కాంతం అంటుకుంది. కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు ఎత్తి చూస్తే రూపాయి బిళ్లంత తుప్పు కనిపించింది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. రేకు లొంగలేదు. అంటే తుప్పు పైపైనే ఉంది.

ఆ తర్వాత ఆర్‌సీ చేతికి తీసుకుంది. బండికి ఆర్‌సీ అంటే పొలానికి పాసుపుస్తకం లాంటిది. అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది. ఇంజను నంబరు ఉంటుంది. ఛాసిస్ నంబరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. అవే బండి ఇనుము మీద కూడా చెక్కి ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. కోడలికి ఇంగ్లీషు అక్షరాలు అంతగా రావు. అయినా ముగ్గును ముగ్గుతో పోల్చినట్టు ఒక్కొక్కటీ పోల్చి చూసింది. పావుగంట పట్టింది. మాస్టారు ఓపిగ్గా నిలబడ్డారు. తొందర పెట్టలేదు. తొందర పెట్టే అమ్మకందారు దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆర్‌సీలో ఇంకో రెండు చూడాలి. బండి ఫైనాన్సులో కొన్నదైతే ఆ సంగతి రాసి ఉంటుంది. అప్పు తీరిందని బ్యాంకు కాగితం ఇవ్వాలి. అది రవాణా శాఖ ఆఫీసులో చూపించి ఆ రాత కొట్టేయించాలి. లేకపోతే బండి మన పేరుకు మారదు. రెండోది తారీఖు. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు నడుస్తుంది. మాస్టారి బండి 2015లో రిజిస్టరు అయింది. అంటే 2030 వరకు ఉంది. ఆ తర్వాత బండిని చూపించి మళ్లీ చేయించుకోవాలి. బండి మీద పాత చలానాలు ఉన్నాయేమో కూడా ఫోనులో నంబరు కొట్టి చూసుకోవచ్చు.

బేరం పద్దెనిమిది వేలకు కుదిరింది.

చేతిలో పన్నెండు వేలు మిగిలాయి. కోడలు బండిని పెయింటరు షెడ్డుకు తీసుకెళ్లింది. ఆయన పెద్దాయన. అందరూ బాబాయి అంటారు.

"బాబాయ్, ముందు రంగు సంగతి చూడండి."

"ముందు రంగు కాదమ్మా, ముందు బ్రేకులు. ఎదురింటి మెకానిక్కు దగ్గరికి వెళ్లు. టైర్లు కూడా చూపించు. మిగిలిన డబ్బుతో నా దగ్గరికి రా."

తన బేరం పోతుందని తెలిసీ ఆయన ఆ మాట చెప్పాడు. అది సరైన సలహా. వెలిసిన రంగుతో ప్రాణాలు పోవు. అరిగిన బ్రేకుతో పోతాయి. బ్రేకులకు కొత్త లైనర్లు వేయించారు. వెనక టైరు నున్నగా అరిగింది, అదీ మార్చారు. ఆయిలు మార్చారు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్టు కొన్నారు. అప్పుడు రంగు మాట వచ్చింది.

బాబాయి తడిగుడ్డకు చిటికెడు రబ్బింగు కాంపౌండు రాశాడు. సీటు పక్కన ఒక మూల మెల్లగా రుద్దాడు. గుడ్డకు ఎరుపు అంటింది. ఆయన మొహం విప్పారింది.

"అదృష్టవంతురాలివమ్మా. ఇది ఒంటిపొర రంగు. చచ్చిన పొర లేచిపోతే కింద అసలు రంగు బయటికొస్తుంది. మళ్లీ పెయింటు అక్కర్లేదు. మీరే చేసుకోవచ్చు."

కొన్ని బండ్లకు రంగు పైన గాజులాంటి ఇంకో పొర వేస్తారు. క్లియరు కోటు అంటారు. వాటిని రుద్దితే గుడ్డకు రంగు అంటదు. పైపొర మసకబారితే కాంపౌండుతో మెరుపు తేవచ్చు. కానీ ఆ పొర పొలుసుల్లా లేచిపోతుంటే ఎంత రుద్దినా లాభం లేదు. అప్పుడు మళ్లీ పెయింటు వేయించడమే. ఈ తేడా తెలియక కాంపౌండు డబ్బాలు కొని పారేసేవాళ్లు చాలామంది.

కాంపౌండు అంటే సన్నటి గరుకు పొడి కలిపిన ముద్ద. అది రంగును పలచగా గీకుతుంది. అందుకే దాన్ని పళ్లపొడిలా రోజూ వాడకూడదు. రుద్దిన ప్రతిసారీ రంగు కొంచెం తరిగిపోతుంది.

బండిని ముందు షాంపూ నీళ్లతో కడిగారు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా రుద్దేటప్పుడు గీతలు పడతాయి. తర్వాత వేపచెట్టు నీడకు చేర్చారు. ఎండలో రేకు కాలిపోతుంటే కాంపౌండు అప్పడంలా ఎండి అంటుకుపోతుంది. అంచుల మీద, మడతల మీద రంగు పలచగా ఉంటుంది కదా, అక్కడ కాగితం టేపు అంటించారు. పళ్లెమంత మేర తీసుకుని రుద్దారు. ముందు గుండ్రంగా, తర్వాత నిలువుగా. ఎండక ముందే మెత్తటి గుడ్డతో తుడిచేశారు. ఆ తర్వాత పక్క మేర.

అత్త దూరంగా కూర్చుని చూస్తోంది. ఎంతసేపు కూర్చుంటుంది? లేచి వచ్చింది.

"ఇంత నెమ్మదిగానా? ఇలా ఇవ్వు. పీచు పెట్టి గిన్నె తోమినట్టు తోమేస్తా."

"అమ్మో, వద్దత్తయ్యా! పీచు పెడితే గీతలు పడతాయి. బూడిద, చింతపండు కూడా వద్దు. ఇదిగో, పాత బనీను గుడ్డ."

అత్త బనీను గుడ్డ తీసుకుంది. కాసేపటికి ఆమె రుద్దిన చోట మందార రంగు తేలింది. ఆ తర్వాత గుడ్డ ఆమె చేతిలోంచి ఎవరూ తీసుకోలేకపోయారు. రెండు మధ్యాహ్నాల్లో పని అయిపోయింది. నల్లగా ఉండే గరుకు ప్లాస్టిక్కుకు మాత్రం కాంపౌండు తగలనీయలేదు. తగిలితే సందుల్లో తెల్లగా ఇరుక్కుని పోదు. చివర వ్యాక్సు పాలిషు పలచగా రాసి తుడిచారు. మైనం పూత నీటిని నిలవనీయదు. ఎండ దెబ్బ కొంత తగ్గిస్తుంది. రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ రాసుకోవాలి. బట్టల సబ్బుపొడితో కడిగితే ఆ పూత తొందరగా పోతుంది.

ఇక తుప్పు సంగతి. వెలిసిన రంగు అలాగే వదిలేసినా బండి నడుస్తుంది. తుప్పు వదిలేస్తే ఊరుకోదు. ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. పొక్కు పగిలితే మళ్లీ నీరు దిగుతుంది. రూపాయి బిళ్లంత తుప్పు రెండు వానాకాలాలకు అరచేయంత కావచ్చు. దాని మీద నేరుగా రంగు కొడితే పుండు మీద పౌడరు రాసినట్టే.

బాబాయి ముందు వైరు బ్రష్షుతో తుప్పు రాల్చాడు. తర్వాత ఉప్పుకాగితం అందుకున్నాడు. ఉప్పుకాగితం వెనక అంకె ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. 120 గరుకు. 400 అంతకంటే నున్నన. 800 ఇంకా నున్నన. తుప్పు తీయడానికి 120తో మొదలుపెట్టాడు. తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకాడు. తిన్నరు గుడ్డతో తుడిచాడు. రెడాక్సైడు పూశాడు. అది ఆరాక గుంట ఉన్నచోట మాత్రం లప్పం పలచగా పెట్టాడు. ఆరనిచ్చి నీళ్లతో తడుపుతూ 400తో, తర్వాత 800తో నునుపు చేశాడు. మళ్లీ ప్రైమరు. ఆ తర్వాతే ఎర్ర రంగు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. రంగు కలిపించే ముందే పాత రంగును రుద్ది మెరిపించుకోవాలి. వెలిసిన రంగుకు సరిపోయేలా కొత్త రంగు కలిపించారనుకోండి. తర్వాత రుద్దితే బండి ఒక రంగు, అతుకు ఒక రంగు అవుతాయి.

రంగు చల్లేటప్పుడు బాబాయి కోడలిని దగ్గరికి రానివ్వలేదు. తిన్నరు ఆవిరి తల తిప్పుతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పొయ్యి దగ్గర, గదిలో తలుపులు మూసుకుని ఈ పని చేయకూడదు. పిల్లలు, గర్భిణులు దూరంగా ఉండాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి హద్దు పెడుతూ కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది. అవి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. కానీ అవి ఇంటి రంగులకు చేసిన నియమాలు. కాబట్టి బండి పాత రంగును పొడిగా గీకకుండా తడిపి గీకడం మంచిది. ధూళి లేవదు. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

కోడలి కూతురికి మాత్రం ఎరుపు నచ్చలేదు. "అమ్మా, నీలం వేయించవా?" అని అడిగింది. ఎందుకు కుదరదో కోడలు ఆర్‌సీ తీసి చూపించింది. అందులో బండి రంగు కూడా రాసి ఉంది. మన ఇష్టం వచ్చినట్టు రంగు మార్చేస్తే కాగితం ఒకటి, బండి ఒకటి అవుతుంది. మార్చాలంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి ఆర్‌సీలో మార్పించుకోవాలి. ఉన్న రంగే మళ్లీ వేయిస్తే ఆ బాధ లేదు.

బండి చేతికి వచ్చింది కదా అని కాగితం పని వాయిదా వేయకూడదు. అమ్మినవారు, కొన్నవారు కలిసి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. ఇన్సూరెన్సు మన పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టమంటే పెట్టకూడదు. చదివి, నింపి, అప్పుడు పెట్టాలి. ఇందులో అమ్మినవారికీ మేలు ఉంది. పేరు మారకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే, నష్టపరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న వారిదేనని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. మాస్టారికి ఈ సంగతి తెలుసు. ఆయనే ముందు ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు.

లెక్క చూస్తే బ్రేకులు, టైరు, ఆయిలు, హెల్మెట్టు, కాగితాలకు ఎక్కువ పోయింది. రంగుకు అయింది తక్కువే. కాంపౌండు, పాలిషు, బాబాయి కూలి అంతే. మిగతా కూలి అత్తాకోడళ్ల చేతులదే. ముప్పై వేలు దాటలేదు.

ఇప్పుడు ఆ బండిని రేకుల పందిరి కింద పెడుతున్నారు. దాని మీద పిట్టలు రెట్ట వేస్తే వెంటనే కడిగేస్తారు. రెట్ట రంగును తినేస్తుంది. వానలో తడిసి వస్తే మ్యాటు ఎత్తి ఆరబెడతారు. ఆ పని అత్తది. ఎవరూ చెప్పక్కర్లేదు.

చదవండి, చెప్పండి

టైరు పక్కన సాగిన గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం. తర్వాతి రెండు సంవత్సరం. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైన టైరు. గీతలు అరగకపోయినా రబ్బరు ఏళ్లు గడిస్తే ఎండి పగుళ్లు ఇస్తుంది. ఒక బండికి ముందు టైరు మీద 4516 అని, వెనక టైరు మీద 0823 అని ఉంది. ఏది పాత టైరు? ఏ సంవత్సరంలో తయారైంది? మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి దగ్గరికి వెళ్లి ఆ అంకెలు వెతికి మీ నోటుపుస్తకంలో రాసుకోండి.